విమానచోదకుని కండబలం – డబ్బాలోని పొడి

విమానంలో బిగించే ప్రతి మరమేకుకూ ఒక జాతకం ఉంటుంది. అది ఏ కర్మాగారంలో తయారైనది, ఏ లోహపు పోతలోనిది, ఎవరు పరీక్షించారు, ఎవరు సంతకం చేశారు అన్న వివరాలన్నీ కాగితాలతో సహా భద్రపరుస్తారు. ఆ కాగితం లేని మరమేకు ఎంత నిగనిగలాడుతున్నా, ఎంత చవకగా దొరికినా, దానిని విమానంలో బిగించడానికి ఏ మెకానిక్కూ సాహసించడు. కాని ఆ విమానాన్ని నడిపే మనిషి శరీరంలోకి ప్రతి ఉదయమూ ఒక గరిటెడు పొడి వెళుతూ ఉండవచ్చు. ఆ పొడికి అటువంటి జాతకం అడిగేవారు లేరు. ఈ వ్యత్యాసాన్ని గురించి పాఠకులను ఆలోచించమని కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కుటుంబాలలో పిల్లల చదువంటే వైద్యం, లేకుంటే ఇంజనీరింగు అనే కాలం మారుతున్నది. విమానయానాన్ని వృత్తిగా ఎన్నుకొనే తెలుగు యువతీయువకులు కనిపిస్తున్నారు. కొందరు ఈ దేశపు వైమానిక దళంలో చేరుతున్నారు. మరికొందరు భారతదేశం నుండి ఇక్కడి శిక్షణ పాఠశాలలకు వచ్చి, కావలసినన్ని గంటలు ఎగిరి, తిరిగి వెళ్ళి అక్కడి సంస్థలలో ఉద్యోగాలు సంపాదించుకొంటున్నారు. ఈ తరానికి వ్యాయామశాలకు వెళ్ళే అలవాటు ఉండటం సంతోషించవలసిన విషయమే. అయితే ఆ అలవాటు వెంట పొడులు, మాత్రలు, పానీయాలు కూడా ఇంట్లోకి వస్తున్నాయి. నేను వైద్యుణ్ణి కాను, పైలటునూ కాను. ఒక పదార్థంలో ఏమున్నది, ఎంత ఉన్నది, ఉండకూడనిది ఏమున్నది అని తేల్చడం నా వృత్తి. ఆ కోణం నుండి నాకు తోచినది రెండు మాటలలో చెప్పవచ్చు. పైలటుకు కండబలం విలాసం కాదు, అవసరం. ఆ బలానికి డబ్బాలోని పొడి చాలావరకు అనవసరం. కొన్ని సందర్భాలలో సామాన్యునికంటె పైలటుకే ఎక్కువ ప్రమాదకరం.

కండబలం ఎందుకు?

యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు అందులోని మనిషి బరువు అనేక రెట్లు పెరుగుతుంది. భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లో దానిని అన్ని "జీ" అంటారు. 9 జీ వద్ద 70 కిలోల మనిషి 630 కిలోలు తూగుతాడు. కండరం మాట అటుంచి, ముందుగా ఇబ్బంది పడేది రక్తం. గుండె నుండి మెదడు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తుకు రక్తాన్ని ఎక్కించడానికి మామూలుగా సుమారు 23 మిల్లీమీటర్ల పాదరసపు పీడనం ఖర్చవుతుంది. 5 జీ వద్ద ఈ ఖర్చు 115కు చేరుతుంది. గుండె ఇచ్చే పీడనమే 120 అయినప్పుడు మెదడుకు ఇక మిగిలేది ఏమిటి? అందువల్లనే ఏ సాధనా లేని మనిషికి నాలుగైదు జీల వద్ద మొదట రంగులు వెలిసిపోతాయి, తరువాత చూపు పోతుంది, ఆ తరువాత స్పృహ పోతుంది. స్పృహ తప్పినవాడు సుమారు 12 సెకన్లపాటు పూర్తిగా అచేతనుడై, ఇంకొక 12 సెకన్లకు పైగా అయోమయంలో ఉంటాడు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆ 24 సెకన్లలో 6 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ ఆరు కిలోమీటర్లూ క్రిందికే అయితే వేరే చెప్పనక్కరలేదు.

దీనికి రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనే రెండు ఉపాయాలు కనిపెట్టారు. మొదటిది, కాళ్ళనూ పొట్టనూ బయటినుండి నొక్కే దుస్తు. కెనడాలోని టొరంటోలో విల్బర్ ఫ్రాంక్స్ నీటితో నింపిన దుస్తును తయారు చేశాడు. అది 1942లో యుద్ధంలో వాడుకకు వచ్చింది. తరువాత నీటికి బదులు గాలితో నింపే దుస్తులు వచ్చాయి. వీటివల్ల ఒకటి, ఒకటిన్నర జీల మేలు కలుగుతుంది. రెండవది మనిషి స్వయంగా చేసే ప్రయత్నం. కాళ్ళు, పిరుదులు, పొట్ట కండరాలను రాయిలా బిగించి, ఊపిరి పీల్చి బిగబట్టి, మూడేసి సెకన్లకు ఒకసారి చప్పున మార్చుకోవాలి. చక్కగా చేయగలిగితే దీనివల్ల మరి మూడు, నాలుగు జీలు తట్టుకోవచ్చు. అంటే ఇంతవరకు కనిపెట్టిన పరికరంకంటె పైలటు సొంత కండరమే ఎక్కువ కాపాడుతున్నది.

రొమ్ముకు ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగబట్టి దానిని తెంచిన కోడి రామ్మూర్తినాయుడు గారి కథ వినని తెలుగువాడు లేడు. శాకాహారి అయిన ఆ మహానుభావుడు చేసినదీ, నేటి పైలటు చేయవలసినదీ స్వభావంలో దగ్గర బంధువులే. కండరాన్నీ శ్వాసనూ ఒక్క త్రాటిపై నడపడమే ఆ రెండింటిలోని కిటుకు.

ఇది ఊహ కాదు. 1982లో అమెరికా వైమానిక దళపు వైద్య పరిశోధకులు కొందరికి 12 వారాలు బరువులెత్తే సాధన, కొందరికి దూరపు పరుగు ఇప్పించి, తరువాత వారిని పెద్ద గిరగిర యంత్రంలో త్రిప్పి పరీక్షించారు. బరువులెత్తినవారు ఎక్కువసేపు తట్టుకొన్నారు. పరుగు మాత్రమే సాధన చేసినవారిలో ఆ లాభం కనిపించలేదు. మరుసటి ఏడు స్వీడన్‌లో యుద్ధవిమాన పైలట్లపై జరిగిన ప్రయోగమూ అదే దారి చూపింది. మెడ విషయం కూడా మరువరాదు. తల సుమారు 5 కిలోలు, శిరస్త్రాణమూ ముసుగూ కలిసి 2 కిలోలు అనుకొంటే, 9 జీ వద్ద మెడపై 63 కిలోల భారం పడుతుంది. ఆ స్థితిలో వెనుకకు తిరిగి శత్రువును చూడాలి.

ప్రయాణికుల విమానాన్ని నడిపేవారికి ఈ జీల బాధ లేదు. వారి శత్రువు కుర్చీ. పది పన్నెండు గంటలు ఒకే భంగిమలో కూర్చోవడం, రాత్రిని పగలు చేసుకోవడం, తేమ 20 శాతానికి లోపే ఉండే గాలి పీల్చడం, వేళకాని వేళ తినడం వీరి నిత్యకృత్యం. పైగా దక్షిణాసియావారికి ఇతరులకంటె తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే స్వభావం ఉన్నది. ఈ దేశంలో నలభై దాటిన ఎయిర్‌లైన్ కెప్టెన్ ఆరు నెలలకు ఒకసారి వైద్య పరీక్షకు నిలబడాలి; అక్కడ తప్పితే జీవనోపాధే పోతుంది. కండరం చక్కెరను వాడుకొనే అతి పెద్ద కార్ఖానా. వారానికి కనీసం రెండు రోజులు బల సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వయోజనులందరికీ ఇచ్చిన సలహా వీరికి రెట్టింపుగా వర్తిస్తుంది. దీనికి హోటలు గదిలో దండీలు, బస్కీలు చాలు. మన తాలింఖానాలలో తాతలు చేసినవే.

సుబ్బారావు గారు కనుగొన్నది

ఇక డబ్బాల సంగతికి వస్తాను. అన్ని డబ్బాలనూ ఒకే గాటన కట్టివేయడం శాస్త్రం కాదు. వాటిలో ఒకదాని వెనుక నిజమైన శాస్త్రం ఉన్నది; దాని చరిత్రలో మన భీమవరంలో పుట్టిన ఒక మహనీయుని పేరు ఉన్నది.

క్రియాటిన్ అనే పదార్థాన్ని 1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ మాంసంలో కనుగొన్నాడు. అది కండరంలో ఏమి చేస్తుందో దాదాపు వంద సంవత్సరాలు ఎవరికీ తెలియలేదు. 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు కలిసి కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేటుతో జతకట్టి ఉన్నదని, కండరం పని చేసినప్పుడు ఆ జత విడిపోతుందని, విశ్రాంతిలో మళ్ళీ కలుస్తుందని చూపారు. అంతకు ముందు 1925లో వారు భాస్వరాన్ని కొలవడానికి ఏర్పరచిన రంగు పద్ధతి లేకుండా ఈ ఆవిష్కరణ సాధ్యమయ్యేది కాదు. ఆ పద్ధతి నేటికీ వారిద్దరి పేర్లతోనే మా ప్రయోగశాలలలో పిలువబడుతున్నది. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఏటీపీ అణువు తరిగిపోగానే దానిని తిరిగి నింపేది ఈ ఫాస్ఫోక్రియాటినే. కొన్ని సెకన్ల తీవ్రమైన శ్రమకు ఇదే ఆధారం. పైలటు మూడేసి సెకన్లు బిగించే కండరం సరిగ్గా ఈ నిల్వ నుండే ఖర్చు చేస్తుంది.

70 కిలోల మనిషిలో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది. రోజుకు దాదాపు 2 గ్రాములు క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. నోటిద్వారా తీసుకొంటే కండరంలో నిల్వ పెరుగుతుందని 1992లో స్టాక్‌హోమ్‌లో హారిస్, అతని సహచరులు చూపారు. మాంసం తిననివారిలో నిల్వ తక్కువ కనుక పెరుగుదల ఎక్కువ. రోజుకు 3 నుండి 5 గ్రాములు ఆరోగ్యవంతులకు హాని చేసినట్లు ఇంతవరకు ఆధారం లేదు. అంగడిలోని సప్లిమెంట్లలో ఇంతగా పరీక్షకు నిలిచినవి అరుదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకొనే విషయం.

కాని ఇక్కడ కూడా పైలటు తెలుసుకోవలసినవి ఉన్నాయి. మొదటి వారంలో ఎక్కువ మోతాదుతో మొదలుపెడితే ఒకటి, రెండు కిలోల నీరు శరీరంలో చేరుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు. మూత్రపిండాల పనితీరును ఆ అంకెనుండే లెక్కకడతారు కనుక, ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం కూడా కాగితంపై జబ్బుపడినట్లు కనిపించవచ్చు. వైద్య పరీక్షకుడికి ముందే చెబితే ఇది చిన్న విషయం; అవసరమైతే సిస్టాటిన్-సి అనే మరొక పరీక్షతో తేల్చవచ్చు. చెప్పకపోతే నెలల తరబడి ఫైళ్ళు తిరగవలసి వస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉన్నది. డబ్బాలోని క్రియాటిన్ మాంసంనుండి తీసినది కాదు. సార్కోసిన్, సయనమైడ్ అనే పదార్థాలను కలిపి తయారు చేసినది. ప్రక్రియ సరిగా లేకపోతే డైసయాన్‌డయమైడ్, డైహైడ్రోట్రయజీన్ వంటి మలినాలు మిగులుతాయి. నాలుకకు అవి తెలియవు, యంత్రానికే తెలుస్తాయి.

నత్రజని మాయ

అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది మాంసకృత్తుల పొడి. దీనిలో ఒక లెక్క మాయ ఉన్నది. ఆహారంలో మాంసకృత్తులు ఎంతో నేరుగా కొలవడం కష్టం కనుక, 1883లో డెన్మార్కు రసాయన శాస్త్రజ్ఞుడు కెల్డాల్ చూపిన పద్ధతిలో నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చిస్తారు. మాంసకృత్తులలో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్నది దాని ఆధారం. కాని ఈ పద్ధతికి నత్రజని ఎక్కడినుండి వచ్చిందో తెలియదు. గ్లైసిన్ అనే చవక అమైనో ఆమ్లంలో 18.7 శాతం నత్రజని ఉన్నది. ఒక గ్రాము కలిపితే పరీక్షలో 1.17 గ్రాముల మాంసకృత్తులుగా లెక్కకు వస్తుంది. మెలమిన్ ఒక గ్రాము కలిపితే 4 గ్రాములకు పైగా! 2008లో చైనాలో పాలపొడికి మెలమిన్ కలిపినప్పుడు సుమారు మూడు లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు మరణించినట్లు అధికారులు ఒప్పుకొన్నారు. పాలలో నీళ్ళు కలిపే మన పాతకాలపు మోసానికి ఇది డిగ్రీ పుచ్చుకొన్న రూపం.

అసలు ఎంత కావాలి? సామాన్యునికి రోజుకు కిలో బరువుకు సుమారు 0.8 గ్రాము చాలు. బరువులెత్తేవారికి 1.6 గ్రాముల వరకు ఉపయోగమని, ఆపైన పెద్దగా లాభం లేదని 2018లో అనేక ప్రయోగాలను కలిపి చూసిన పరిశీలన తేల్చింది. 70 కిలోల యువకుడికి ఇది 112 గ్రాములు. గుడ్లు, పెరుగు, పప్పు, చేప, కోడిమాంసం తినేవారికి ఇది వంటింట్లోనే దొరుకుతుంది. శాకాహారి కొంచెం లెక్క చూసుకోవాలి. పప్పు, పెరుగు, పన్నీరు, సోయా, శనగలు, ఉలవలు ఉండనే ఉన్నాయి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో కండలకోసం ప్రోటీన్ పొడులను ఆశ్రయించవద్దని స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఇక్కడ ఉన్న మనకు మరీ అవసరం.

1994 చట్టం

ఈ దేశంలో సప్లిమెంట్లకు సంబంధించిన మూల చట్టం 1994లో వచ్చింది. దాని సారం ఇది: సప్లిమెంటు చట్టం దృష్టిలో మందు కాదు, ఒక తరహా ఆహారం. మందు అమ్మేవాడు అది పనిచేస్తుందనీ, హాని చేయదనీ ముందుగా రుజువు చేయాలి. సప్లిమెంటు అమ్మేవాడు అటువంటి అనుమతి తీసుకోనక్కరలేదు. హాని ఉన్నదని ప్రభుత్వమే తరువాత రుజువు చేయాలి. తయారీ శుభ్రతకు సంబంధించిన నియమాలు 2007లో వచ్చాయి గాని, ఈ మూలసూత్రం మారలేదు.

దాని ఫలితాలు చరిత్రలో ఉన్నాయి. ఎఫెడ్రా అనే మూలికను బరువు తగ్గడానికి, శక్తికి అమ్మారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల తరువాత 2004లో గాని నిషేధించలేకపోయారు. 1940లలో ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా వచ్చి, తరువాత మరుగునపడిన డీఎంఏఏ అనే ఉత్తేజకం, జెరేనియం మొక్కనుండి తీసిన ప్రకృతి సారమనే పేరుతో వ్యాయామ పొడులలో మళ్ళీ అవతరించింది. ఇద్దరు సైనికుల మరణాల తరువాత 2011 డిసెంబరులో అమెరికా రక్షణశాఖ దానిని తన స్థావరాల దుకాణాలనుండి తీసివేసింది. 2007 నుండి 2016 వరకు ప్రభుత్వ సంస్థ 776 సప్లిమెంట్లలో చెప్పకుండా కలిపిన మందులను గుర్తించింది. వాటిలో 92 కండలు పెంచుతామని అమ్మినవి.

చట్టానికి ముందు జరిగిన ఒక ఉదంతం రసాయన శాస్త్రజ్ఞులెవరూ మరువలేనిది. 1989లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లపు మాత్రలు తిన్న 1500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పితో కూడిన ఒక కొత్త జబ్బుకు గురయ్యారు. 37 మంది మరణించారు. అనుమానితమైన సరుకు శుద్ధత 98.5 శాతం పైగానే ఉన్నది. ప్రమాణాలకు లోబడే ఉన్నది. ఆ మిగిలిన అణుమాత్రపు మలినాలవైపే వేలు చూపవలసి వచ్చింది. "తొంభైతొమ్మిది శాతం శుద్ధం" అన్న మాట వినగానే మిగిలిన ఒక్క శాతం ఏమిటని అడగడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటు కొనేవారికి కూడా రావాలి.

ప్రకృతి పేరుతో వచ్చేవన్నీ మంచివే అనే నమ్మకం మనవారిలో మరీ ఎక్కువ. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కనిపించాయి. ఇది ఆయుర్వేదాన్ని నిందించడం కాదు. సుబ్బారావు గారు స్వయంగా మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించినవారే. శాస్త్రాన్ని గౌరవించేవారు దాని పేరుతో అమ్మే సరుకును పరీక్షించమని అడగడమే న్యాయం.

పైలటుకే వచ్చే చిక్కులు

సామాన్యునికి చిన్న అసౌకర్యం అనిపించేది పైలటుకు పెద్ద ప్రమాదం కావచ్చు. కొన్నిటిని చెబుతాను.

వ్యాయామానికి ముందు త్రాగే పొడులలో బీటా-అలనిన్, నియాసిన్ ఉండటం కద్దు. మొదటిదానివల్ల ముఖం, చేతులు చిమచిమలాడతాయి. రెండవదానివల్ల ఒళ్ళు వేడెక్కి ఎర్రబడుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు శరీరం ఇచ్చే హెచ్చరికలలో ఇవి కూడా ఉన్నాయి. చిమచిమ పొడివల్లనా, గాలి తక్కువై వచ్చినదా అని 30,000 అడుగుల ఎత్తులో తర్కించుకొనే వ్యవధి ఉండదు. పొడి సంగతే అనుకొని ఊరుకొన్నవాడు అసలు హెచ్చరికను పోగొట్టుకొంటాడు.

కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు 300 మిల్లీగ్రాములు పొడిరూపంలో త్రాగినవాడి ఒంట్లో రాత్రి 11కు 150, తెల్లవారుజామున 4కు 75 మిల్లీగ్రాములు ఉంటాయి. ఉదయం 5కు లేచి విమానం ఎక్కవలసినవాడు నిద్రపోయినట్లే ఉంటాడు గాని విశ్రాంతి ఉండదు. దానికి విరుగుడుగా మెలటోనిన్ కొంటారు. 2023లో పరీక్షించిన 25 రకాల మెలటోనిన్ గమ్మీలలో 22 వాటిపై వ్రాసిన మోతాదు తప్పు. ఒకదానిలో మెలటోనిన్ అసలే లేదు. మరొకదానిలో వ్రాసినదానికి మూడున్నర రెట్లు ఉన్నది. ఎంత తీసుకొన్నాడో తెలియనివాడు మత్తు ఎప్పుడు వదులుతుందో ఎట్లా లెక్కకట్టగలడు? చీటీ లేకుండా దొరికే డైఫెన్‌హైడ్రమీన్ అనే నిద్రమాత్ర వేసుకొంటే 60 గంటలు విమానం నడపరాదని ఇక్కడి విమానయాన సంస్థ చెప్పింది. అక్కడ మోతాదు తెలుసు కనుక గంటలు చెప్పగలిగారు.

గంజాయి జాతి మొక్కనుండి తీసిన సీబీడీ నూనెలు కండరాల నొప్పికి అమ్ముతారు. వాటిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ ఉండవచ్చు. మూత్రపరీక్షలో అది కనిపిస్తే "నేను సీబీడీ మాత్రమే వాడాను" అన్న జవాబు చెల్లదని అమెరికా రవాణాశాఖ 2020లో ప్రకటించింది. భారతదేశంలో కూడా 2022 జనవరి 31 నుండి పైలట్లకు మత్తుపదార్థాల పరీక్షలు అమలులోకి వచ్చాయి. కుటుంబం ఇల్లు తాకట్టుపెట్టి నేర్పించిన చదువు ఒక సీసా నూనెతో ముగిసిపోవచ్చు.

ఇక మన అరిష్టాలు, ఆసవాలు. ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం పులియబెట్టి చేసేవి. వాటిలో సహజంగా ఏర్పడిన ఆల్కహాలు 5 నుండి 12 శాతం వరకు ఉంటుంది. భారతదేశంలో విధికి ముందు 12 గంటలపాటు మద్యం ముట్టరాదు. శ్వాసపరీక్షలో సున్నా రావాలి. ఆల్కహాలు ఉన్న నోటికడుగు మందులు కూడా వాడవద్దని అక్కడి నియంత్రణ సంస్థ 2023లో నియమం చేసింది. అమ్మ ప్రేమతో పంపిన బలవర్ధకం ఆ పరీక్షయంత్రానికి మద్యమే. అశ్వగంధ మాత్రలు కూడా మగత కలిగించవచ్చు. కాలేయం దెబ్బతిన్న కేసులు కొన్ని వైద్యపత్రికలలో వచ్చాయి. డెన్మార్కు 2023లో దానిని నిషేధించింది.

ఏమి చేయాలి?

"ఎవరి శరీరం వారి ఇష్టం, చట్టానికేమి పని?" అని అడిగేవారు ఉన్నారు. తన ఇంట్లో కూర్చున్నవాడి విషయంలో ఈ వాదానికి బలం ఉన్నది. వెనుక రెండువందలమంది కూర్చున్నవాడి విషయంలో లేదు. "కోట్లమంది వాడుతున్నారు, ఏమీ కాలేదు కదా" అన్నది రెండవ వాదం. వారిలో ఎవరు ఏ తయారీలోని డబ్బా తిన్నారో, తరువాత ఏమైనారో లెక్క ఉంచినవారు లేరు. లెక్కే లేనప్పుడు ఏమీ కాలేదని చెప్పడానికి ఆధారం ఎక్కడిది?

నా అభిప్రాయాలు ఇవి. మొదటిది, 1994 చట్టం మారాలి. ప్రతి సప్లిమెంటూ అమ్మకానికి ముందే ప్రభుత్వ జాబితాలో నమోదు కావాలి. ప్రతి తయారీకీ స్వతంత్ర ప్రయోగశాల విశ్లేషణ పత్రం కొనేవారికి అందుబాటులో ఉండాలి. అంతవరకు తృతీయపక్షపు పరీక్ష ముద్రలు కొంత రక్షణ. ఎన్‌ఎస్‌ఎఫ్ క్రీడాకారుల ముద్ర, యూఎస్‌పీ ముద్ర అటువంటివి. ఆ ముద్ర పదార్థం మేలు చేస్తుందని చెప్పదు. చీటీపై వ్రాసినదే లోపల ఉన్నదని మాత్రం చెబుతుంది.

రెండవది, శిక్షణ పాఠశాలలు వాతావరణ శాస్త్రం, నావిగేషన్ నేర్పినట్లే బల సాధననూ, సప్లిమెంట్లలోని ప్రమాదాలనూ పాఠ్యాంశం చేయాలి. అమెరికా రక్షణశాఖ తన సైనికులకోసం సప్లిమెంట్ల భద్రతపై ప్రత్యేక కార్యక్రమం నడుపుతున్నది. పౌర విమానచోదకులకు అంతటి ఏర్పాటు ఎందుకు ఉండరాదు?

మూడవది పైలట్లకు. ఏ డబ్బా అయినా తెరిచే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నా రక్తపరీక్షలో లోటుగా తేలినదేనా? దీనిలో ఉన్నది వ్రాసినదేనని ఎవరైనా బయటివారు పరీక్షించారా? దీనిని గురించి నా వైద్య పరీక్షకుడికి చెప్పడానికి వెనుకాడుతున్నానా? శాకాహారులలో బీ12 లోపం, కాక్‌పిట్ అద్దం అతినీలలోహిత కిరణాలలో అవసరమైన భాగాన్ని ఆపడంవల్ల డీ విటమిన్ లోపం ఉండవచ్చు. అటువంటివి పరీక్షలో తేలితే తప్పక తీసుకోవాలి. ఏ కొత్త పదార్థాన్నయినా విధిలేని రోజులలోనే మొదలుపెట్టాలి.

నాలుగవది మనకే. మన మహాసభలలో, మన సంచికలలో సప్లిమెంట్ల ప్రకటనలకు చోటిచ్చే ముందు విశ్లేషణ పత్రం చూపమని సంఘాలు అడగాలి. చూపలేనివారికి స్టాలు ఇవ్వకూడదు. విరాళం వదులుకోవడం కష్టమే. అయినా మన వేదికపై కనిపించిన వస్తువును మనవారు సంఘం మాటగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని అద్దెకు ఇవ్వరాదు.

ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి చూపిన సుబ్బారావు గారు దానిని అంగడిలో పెట్టలేదు. ముందు కొలవడానికి ఒక పద్ధతి ఏర్పరచారు, తరువాత కొలిచారు, ఆ తరువాతే మాట్లాడారు. ఆ క్రమం తప్పకపోవడమే మనం ఆయనకు చూపగల గౌరవం. మన పిల్లలు ఆకాశంలోకి వెళ్ళాలి, బలంగా వెళ్ళాలి. ఆ బలం బరువులెత్తి, వేళకు నిద్రపోయి, ఇంటి భోజనం తిని సంపాదించినదై ఉండాలి. మరమేకుకు కాగితం అడిగే విమానయాన రంగం గరిటెడు పొడికి కూడా కాగితం అడిగే రోజు రావాలి. అందాకా ఆ ప్రశ్న మనమే అడగాలి.